గంజికుండ వాసన చూసే డాక్టరు

ఆయన పోయారని మొన్న ఒక పెళ్లి భోజనాల దగ్గర తెలిసింది. మా పాత దవాఖానలో కాంపౌండరుగా చేసినాయన నా పక్కన కూర్చుని, పప్పు వడ్డించమన్నంత మామూలుగా, "మన డాక్టర్ సాబ్ పోయిండమ్మా, నిద్రలనే పోయిండు, పుణ్యాత్ముడు" అన్నాడు. చేతిలోని ముద్ద విస్తట్లోనే పెట్టేశాను. ఏడుపు వచ్చిందని అబద్ధం చెప్పను. భయం వేసింది. ఆయన పేరు ఎక్కడ వినపడినా నాకు మొదట కలిగేది భయమే. మంచి మనిషి, నా బిడ్డ బతకడానికి కారణమైన మనిషి. అయినా సరే.

మోత్కూరు దాటి లోపలికి పోతే వచ్చే ఒక సాలెల ఊరు మాది. అంటే మా అత్తగారిది. ఆ ఊరి చిన్న దవాఖానలో నేను నర్సును, కాన్పులు కూడా నేనే చేసేదాన్ని. పొద్దంతా దవాఖాన, పొద్దుగూకితే ఇంట్లో రాట్నం దగ్గర కూర్చోవడం. నాకు నోరెక్కువని ఊళ్లో పేరుండేది. నోరు లేని నర్సును ఎవరు లెక్కచేస్తారు చెప్పండి.

ఆయన కోస్గి వైపు నుంచి బదిలీ మీద వచ్చారు. పొడుగు మనిషి, తలుపులన్నీ ఆయనకు పొట్టివే. చదువంతా ఉర్దూలో సాగిందట, మందుల చీటీ మీద తేదీ కూడా ఉర్దూ అంకెల్లో వేసి, మళ్లీ నాలుక కరుచుకుని కొట్టేసేవారు. చాయ్ సాసర్లో పోసుకుని ఊదకుండా దాన్నే చూస్తూ కూర్చునేవారు, అదే చల్లారుతుందని. ఎవరు ఏ నొప్పి చెప్పినా ముందు "జర ఆగు" అనేవారు. అది ఆయన ఊతపదం. దగ్గు వచ్చినవాడికీ జర ఆగు, నొప్పులు పడుతున్న ఆడమనిషికీ జర ఆగు. "నేనాగుత సార్, బిడ్డ ఆగాలె గద" అని నేనంటే పకపకా నవ్వేవారు.

ఆ నవ్వు గురించి చెప్పాలి. ఎందుకంటే అది తర్వాత లేకుండా పోయింది.

ఆయన ఇంటికీ దవాఖానకూ నడుమ మా వాడ. పొద్దున్నే వాడ పొడుగునా పడుగు దారాలు చాపి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వడం మా వాళ్ల పని. ఒక ఇంటి పడుగైతే వాడంతా చెయ్యి వేస్తుంది, రేపు వాళ్ల పడుగుకు వీళ్లు వేస్తారు. గంజి సరిగ్గా పడితేనే మగ్గం మీద దారం తెగకుండా నిలుస్తుంది. ఈయన ఆ పొడుగు ఒళ్లు వంచి ఒక్కొక్క పడుగు కింద నుంచి దూరుతూ వచ్చేవారు. దారిలో దొరికిన పిల్లనల్లా ఎత్తి పడుగు మీదుగా అటు దింపేవారు. పిల్లలు అటు దిగి, మళ్లీ ఇటు ఉరికొచ్చి వరుసలో నిలబడేవాళ్లు. నా కూతురు సుగుణ అందరికంటే ముందు.

మా మామ వాడలో గంజి కాయడానికి పెట్టింది పేరు. ఎంత జిగురు ఉండాలో వేళ్ల మధ్య రాసి చెప్పేవాడు. కానీ వానాకాలం వస్తే ఆయన కూడా ఓడిపోయేవాడు. పడుగు ఆరదు, మిగిలిన గంజి తెల్లారేసరికి పులుస్తుంది, జిగురు పోతుంది, మళ్లీ కాయాలి. ఒక వానాకాలం మా మామ చిరాకెత్తి, పడుగు కింద నుంచి దూరుతున్న డాక్టరు గారిని ఆపి, మనుషుల కడుపులు చెడితే గోలీలిస్తారు గదా, మా గంజి కడుపు చెడింది, దానికేమన్నా ఉందా అని ఎగతాళికి అడిగాడు.

డాక్టరు గారు నిజంగానే ఆలోచించారు. దవాఖాన బీరువా అడుగున ఒక పెట్టె పడి ఉంది. జిల్లా నుంచి వస్తూ దారిలో తడిసింది, గడువూ దాటింది. అందులో అన్నీ కలిసిపోయి ఉన్నాయి. సల్ఫా బిళ్లలు, టెట్రాసైక్లిన్ క్యాప్సూల్ గొట్టాలు, టైఫాయిడ్‌కు వాడే క్లోరాంఫెనికాల్, స్ట్రెప్టోమైసిన్ పొడి సీసాలు. మనుషులకు ఎలాగూ పనికిరావు, తీసుకుపోయి చూడమని నవ్వుతూ ఇచ్చేశారు. నేనే మోసుకొచ్చి మా మామ చేతిలో పెట్టాను.

పనిచేసింది. గంజి రోజుల తరబడి పులవలేదు. తెల్లగా, అప్పుడే దించినట్టు ఉండేది. మా మామ వాడలో మీసం మెలేసుకుని తిరిగాడు. గంజికి గోలీ వేసిన మొనగాడు మరి. అడిగిన ఇంటికల్లా చిటికెడు చిటికెడు పంచాడు. పెట్టె అయిపోతే అంగట్లో కొనుక్కొచ్చారు. వాడలో దాదాపు ప్రతి కుండలోనూ గోలీ పొడి. అదే గంజిలో ఆడవాళ్ల చేతులు, అవే చేతులు కొంగుకు తుడుచుకుని పిల్లలకు బువ్వ కలిపిపెట్టడం. సాలెవాళ్ల పిల్లలు గంజి నాకకుండా పెరగరు. మా సుగుణ అయితే కుండ దగ్గర కూర్చుని మోచేతి దాకా ముంచేది.

మళ్లీ వానాకాలం వచ్చింది. ఒక పొద్దున పడుగుల దగ్గర మా మామ డాక్టరు గారి మీద ఫిర్యాదు మొదలుపెట్టాడు. మీ గోలీలకు సత్తువ పోయింది సాబ్, ఎన్ని వేసినా పులుస్తాంది, అని. అందరూ నవ్వారు. డాక్టరు గారూ నవ్వుతూనే వంగి కుండలో ముక్కు పెట్టారు. లేచేసరికి నవ్వు లేదు. పక్కింటి కుండ వాసన చూశారు. ఆ పక్కది చూశారు. వాడ చివర ఒక ఇంట్లో అంతకుముందు రోజే మొదటిసారి గోలీ వేశారు. అది కూడా పులిసింది. ఆ ఇంటామెను ఒకటికి రెండుసార్లు అడిగారు, ఇంతకుముందు ఎప్పుడూ వేయలేదా అని. వేయలేదంది. ఆయన అక్కడే అరుగు మీద కూర్చుండిపోయారు.

దవాఖానకు వచ్చి చాలాసేపు చేతులు కడుక్కున్నారు. ఏమైంది సార్ అంటే గంజి పులిసింది బిడ్డా అన్నారు. "గంజి పులవక మల్లెపూల వాసనొస్తదా సార్" అన్నాను. నావైపు చూసిన ఆ చూపు నాకు ఇప్పటికీ నచ్చదు. దొంగ ఇంట్లోనే ఉన్నాడని తెలిసినవాడు చూసే చూపు అది.

ఆ రోజు నుంచి ఆయన వేరే మనిషి. పొద్దున్నే వచ్చి కుండకుండకూ వంగి వాసన చూడటం. గంజి డాక్టరని పేరు పడింది. పిల్లలు ఎత్తమని చేతులు చాస్తే తన చేతులు వెనక్కి కట్టుకునేవారు. మందియ్యడం తగ్గించేశారు. జలుబుకు సూది వేయమని వచ్చినవాళ్లను జర ఆగు, నీ ఒంటిని కూడా జర పనిచెయ్యనియ్యి అని పంపేవారు. అంతకుముందు నవ్వుతూ అన్న మాటే, ఇప్పుడు బతిమాలుతున్నట్టు ఉండేది. సర్కారు మందు దాచుకుంటున్నాడని ఊళ్లో గుసగుసలు. వాళ్లతో నేను కొట్లాడాను. లోపలికి వచ్చి ఆయనతోనూ కొట్లాడాను.

ఇంటింటికీ తిరిగి ఆ గంజి గుంతలో పోసి సున్నం చల్లమన్నారు, కుండలు పగలగొట్టమన్నారు. మా మామకు పౌరుషం వచ్చింది. ఇచ్చింది నువ్వే, పారబోయమనేది నువ్వే అని ముఖం మీదే అన్నాడు. ఆయన తల వంచుకుని విన్నారు, మర్నాడు మళ్లీ వచ్చి అదే మాట చెప్పారు. కొందరు పారబోశారు. కొందరు ఆయన వాడ దాటేదాకా కుండ మీద చాట మూసిపెట్టారు.

అప్పుడు వచ్చింది నెత్తురుబంక. రక్త విరేచనాలను మా దగ్గర అట్లా అంటారు. ప్రతి వానాకాలం వచ్చేదే, సల్ఫా బిళ్లలతో పోయేదే. ఈసారి పోలేదు. మా ఎదురింటి పసివాడికి ఆయన ఉన్న మందులన్నీ ఒకదాని తర్వాత ఒకటి వేశారు. నేనే వేశాను, ఆయన చెప్పగా. నీళ్లు పోసినట్టయింది. పసివాడు మా చేతుల్లోనే పోయాడు. ఆ తల్లి వాడి నడుముకు కట్టిన నల్లదారం ముడి ఊడకపోయినా విప్పుతూ కూర్చుంది, వాళ్ల పెద్దపిల్ల పక్కన నిలబడి చూస్తోంది.

డాక్టరు గారు పసివాడి విరేచనం ఒక సీసాలో, మా వాడ గంజి ఒక సీసాలో పట్టుకుని పట్నం బస్సెక్కారు. అక్కడ లేబరేటరీలో ఆయన దోస్తు ఉన్నాడట. చాలా రోజులు రాలేదు.

ఆ లోపల మా సుగుణకు మొదలైంది.

మొదటి రోజు బంక, రెండో రోజు నెత్తురు. నేను నర్సును. మందులెక్కడుంటాయో తెలుసు, ఎంత వేయాలో తెలుసు. అన్నీ వేశాను. బిళ్లలు, గొట్టాలు, చివరికి స్ట్రెప్టోమైసిన్ కూడా. పిల్ల కళ్లు లోపలికి పోయాయి. ఒంట్లో నీళ్లింకిపోయి, కడుపు మీది చర్మం పట్టుకుని వదిలితే మడత మడతలాగే నిలబడింది. ఎందరి పిల్లలకో ఆ మడత చూసి తల్లులకు ధైర్యం చెప్పినదాన్ని, నా బిడ్డకు మాత్రం నమ్మక మళ్లీ మళ్లీ పట్టి చూశాను.

ఆయన బస్సు దిగి సంచితో నేరుగా మా ఇంటికే వచ్చారు. ఎవరో చెప్పి ఉంటారు. పిల్ల కళ్లు చూశారు, నాలుక చూశారు, నేనేం వేశానో అడిగారు. చెప్పాను. పట్నం నుంచి కొత్త మందేమన్నా తెచ్చారా అని అడిగాను. సంచి వైపు చెయ్యి కూడా పెట్టలేదు.

"మందు లేదు బిడ్డా" అన్నారు.

"ఎందుకు లేదు?" అన్నాడు మా మామ. అది గొంతు కాదు, గాలి. డాక్టరు గారు గోడకు ఆనుకుని కింద కూర్చున్నారు. చెప్పేటప్పుడు మా ఎవరి ముఖమూ చూడలేదు.

"అన్నా, కుండల పులిసినయి వేరే, పిల్ల కడుపుల నెత్తురు తీసేది వేరే. మన కడుపుల ఊరికే పడి బతికే జీవాలు కొన్ని ఉంటయి, మనకేం చెయ్యయి. అవి మన చేతులకెల్లి నీ కుండలకు పోయినయి. గా మందుల నడుమ సావకుండ ఎట్ల ఉండాల్నో ఆడ నేర్చినయి. మల్ల పిల్లల చేతుల మీద కడుపులకొచ్చినయి. గిప్పుడు నెత్తురుబంక పురుగొచ్చి వాటి పక్కన చేరింది. నేర్చినదంత దానికిచ్చినయి."

"ఇచ్చుడేంది సాబ్, పురుగులు ఇచ్చుకుంటయా?"

"దారానికి ముడులేసి రంగులద్దే నీ చిటికి నమూనా నువ్వు నీ అల్లునికి గూడ చూపియ్యవు. అవి గట్ల గాదన్నా. లోపల ఒక నమూనా ఉంటది. దానసోంటిదే ఇంకోటి చేసి, చుట్టం గాకున్నా సరే, పక్కదానికిస్తయి. తమది తమకే ఉంటది. జపాన్ల డాక్టర్లు గిదే చూసిన్రట. మనం అన్ని మందులు ఒక్క పెట్టెల కలిపి ఇస్తిమి. అవి గూడ అన్నిటికీ జవాబు ఒక్క మూట కట్టుకున్నయి. ఇచ్చేది మూటకు మూటే."

ఆ మూటకు ప్లాస్మిడ్ అని పేరుందని చాలా ఏళ్ల తర్వాత ఒక ట్రైనింగులో విన్నాను. బోర్డు మీద సున్నా గీసి ఎవరో చెబుతుంటే లేచి బయటికి వచ్చేశాను. ఆ రోజు ఆయన దగ్గర ఆ పేరు లేదు. నాకు కావలసింది పేరూ కాదు, పాఠమూ కాదు. నా నోరు నా మాట వినలేదు. మీ పాఠం మీరే ఉంచుకోండి, నా బిడ్డకు పుట్టినప్పటి నుంచి ఒక్క సూది పడలేదు, స్ట్రెప్టోమైసిన్ ఒంట్లో చుక్క పోలేదు, మొదటిసారి పొడిస్తే ఎందుకు పనిచేయదని అరిచాను.

"పిల్లకు పొయ్యలే బిడ్డా. కుండకు పోస్తిమి గద" అన్నారు.

ఆయన చేతులు పడిపోవాలని తిట్టాను. నా ఇంట్లో, నా మామ ముందు, నాకంటే పెద్దాయనను, అన్నం పెట్టే దవాఖాన డాక్టరును. ఇంకో సూది వేయకపోతే సంచి లాక్కుని నేనే వేస్తానన్నాను. వేస్తే సచ్చేటియి మంచి జీవాలే, వాటి జాగాల ఇవే నిండుతయి అని మాత్రం అన్నారు. నేను ఆయనను చూసి భయపడ్డానా, ఆయన చెప్పింది విని భయపడ్డానా, అప్పుడు తెలియలేదు. కంటికి కనిపించనివి నా బిడ్డ కడుపులో కూర్చుని ఒకదానికొకటి నేర్పుకుంటున్నాయి, నేను బయట నిలబడి ఉన్నాను. పులి వస్తే అడ్డం పడతాను. దీనికి ఎక్కడ అడ్డం పడను?

ఇక మిగిలింది నీళ్లు అన్నారు ఆయన. పోయిన నీళ్లను పోయినట్టే నింపుతుంటే ఒళ్లే కొట్లాడుకుంటుంది. సెలైన్ సీసాలు దవాఖానలో ఉన్నవి కొన్నే, అవి ఎక్కించాం. నోట్లో పోయడానికి ఉప్పు వేసిన పలుచటి గంజి కాయమని మా మామకు చెప్పారు. మా మామ లేవలేదు. నా చేతి గంజి వద్దు సాబ్ అని రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు.

"నీ కన్న మంచిగ ఎవరు కాస్తరన్నా" అన్నారు డాక్టరు గారు. "కొత్త కుండ తీస్కరా. చేతులు సబ్బు పెట్టి కడుగు. కళపెళ మరగనియ్యి."

మా మామ కాశాడు. జీవితమంతా చిక్కదనం కోసం కాసిన మనిషి, మనవరాలి కోసం పలుచదనం చూసుకుంటూ కాశాడు. దించి, చల్లార్చి, చెంచా మరిగించి తెచ్చి ఇచ్చేవాడు. డాక్టరు గారు చెంచాతో పోసేవారు. పిల్ల కక్కేది. ఆగి మళ్లీ పోసేవారు. నాకు చెంచా ఇవ్వలేదు, నువ్వు పిల్ల తల పట్టుకో అన్నారు. దవాఖాన రోగులు మా వాకిట్లోకే వచ్చి కూర్చున్నారు. ఆయనకు ఎవరు ఏం పెట్టినా తినలేదు. మధ్యలో ఒకసారి తనలో తాను ఉర్దూలో ఏదో అనుకున్నారు. ఏంటి సార్ అంటే, మాఫీ అడుగుతున్న అన్నారు.

పిల్ల మూత్రం పోసినప్పుడు నాకు తెలిసింది, ఒంట్లో నీళ్లు నిలిచాయని. పక్కబట్ట తడిస్తే ఎవరైనా విసుక్కుంటారు. నేను ఆ తడి చూసి ఏడ్చాను. మర్నాడు నెత్తురు తగ్గింది. ఆ మర్నాడు బువ్వ అడిగింది. వాడంతా మా ఇంటికి వచ్చింది, ఎదురింటామె కూడా. మా అత్త కొబ్బరికాయ కొట్టి దిష్టి తీసింది. మా మామ తన కుండను వాకిట్లో తానే పగలగొట్టి పెంకులు గుంతలో పూడ్చాడు. అది చూసి మిగిలినవాళ్లూ పగలగొట్టారు.

డాక్టరు గారు మాత్రం నన్ను పక్కకు పిలిచారు. దండం పెట్టబోతే వద్దన్నారు.

"పిల్ల బతికింది బిడ్డా. అవి గూడ బతికినయి. గా సంగతి మర్వకు."

అవి పిల్ల కడుపులో ఎన్నాళ్లుంటాయో, నెలో, ఎన్ని నెలలో, తనకే తెలియదన్నారు. పిల్లకు ఏమీ కాదు, ఆడుతుంది, తింటుంది. కానీ అవి ఆమెలో ఉంటాయి, ఇంకొకరికి చేరితే ఆ బిడ్డకు మందుండదు. మలం గుంతలో వేసి సున్నం చల్లమన్నారు. తిన్న పళ్లెం మరిగించమన్నారు. ఆమె ఎంగిలి ఇంకో పిల్ల నోట్లోకి పోకూడదన్నారు. ఇంకెవరికీ చెప్పలేదు, చెబితే పిల్లను వాడలో బతకనివ్వరని ఆయనకూ తెలుసు. నాకూ ఆయనకూ మధ్య ఉండిపోయింది ఆ మాట. అదే నా భయం. నా బిడ్డ నిద్రపోతుంటే ముద్దు పెట్టుకోబోయి ఆగిన రోజులున్నాయి. తల్లికి ఆ గతి పట్టకూడదు.

సుగుణకు రోజూ చెప్పేదాన్ని. ఎవరికీ ఎంగిలి పెట్టకు బిడ్డా, నీ నోట్లోది ఎవరికీ ఇయ్యకు, నా మీద ఒట్టు. అర్థమైందా అంటే బుద్ధిగా తలూపేది.

ఒక పొద్దున ఆయన పిల్లను చూడటానికి వచ్చారు. నేను గడపలో నిలబడి మాట్లాడుతున్నాను. సుగుణ ఎదురింటి అరుగు మీద, ఆ ఇంటి పెద్దపిల్లతో కూర్చుని ఉంది. తమ్ముడు పోయాక ఆ పిల్ల ఎవరితోనూ ఆడటం లేదు. సుగుణ చేతిలో పల్లీపట్టి ఉంది. దాన్ని లంగా అంచులో చుట్టి, బట్ట మీదుగా కొరికి విరిచి, సగం ఆ పిల్ల చేతిలో పెట్టింది. నేను పేరు పెట్టి కేకేశాను. సుగుణ ఉలిక్కిపడి నావైపు తిరిగింది. తప్పు చేయలేదని చెప్పడానికి, తడిసిన ఆ లంగా అంచును ఎత్తి చూపించింది.

"ఎంగిలి గాదే అమ్మా. కాకెంగిలి."

ఆ పిల్ల అప్పటికే నోట్లో వేసుకుంది. ఎదురింటామె తలుపు దగ్గర నిలబడి, పిల్లలిద్దరినీ చూసి నవ్వుతోంది. కొడుకు పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. డాక్టరు గారూ నేనూ ఆమె నవ్వు చూస్తూ నిలబడ్డాం.